సువర్ణగారిని చూడబోయిన రత్నాంబ

రత్నాంబకి మొదటి కథ చింతపండు పొట్లంలో దొరికింది.

అది 1931 వేసవి. తాడేపల్లిగూడెం బజారులో ఆమె భర్త శ్రీరంగనాయకులుకి కిరాణా కొట్టు ఉండేది. ముందు కొట్టు, దాన్ని ఆనుకుని వీధి అరుగు, వెనక ఇల్లు. పొట్లాలు కట్టడానికి ఆయన చిత్తుకాగితాలు వీశెల లెక్కన కొనేవాడు. కోర్టు కాగితాలు, పాత పంచాంగాలు, బడిపిల్లల లెక్కలు, అన్నీ ఆ కట్టల్లో కలగాపులగంగా వచ్చేవి. ఇంట్లోకి పంపిన చింతపండుని జాడీలోకి ఎత్తి, కాగితం పారేయబోతూ రత్నాంబ దానివంక చూసింది. గుండుగొలనులో వాళ్ల నాన్న ఆమెకి గుణింతాలు దాటించి, కూడబలుక్కుని చదవడం వరకూ నేర్పాడు. కాపురానికి వచ్చాక ఆ చదువుతో పనే పడలేదు.

కాగితం మీద ఒక ఇల్లాలు పెరట్లో ఒంటరిగా కూర్చుని ఉంది. లోపల తోడికోడళ్లు నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు తన గురించేనని ఆమెకి తెలుసు. లేచి వెళ్లి వాళ్లతో ఒక మాట అందామని గడప దాకా వచ్చింది. అక్కడితో కాగితం చిరిగిపోయింది.

రత్నాంబ ఆ పూట చారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఆవిడ గడప దాటిందా, వెనక్కి తిరిగిందా? కొట్లోకి వెళ్లి చిత్తుకాగితాల కట్టంతా విప్పి వెతికింది. మిగతా సగం దొరకలేదు.

అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్లు. కిందటేడు మూణ్ణెల్ల మగపిల్లవాడు జ్వరం వచ్చి పోయాడు. అప్పట్నించీ ఆమె నోట మాట తగ్గిపోయింది. అడిగినదానికి జవాబు చెప్పేది, చెప్పిన పని చేసేది, అంతే. అలాంటి మనిషి ఆ సాయంత్రం అరుగు మీదికి వచ్చి, కిరసనాయిలు కోసం నిలబడ్డ మిషను బడి పంతులమ్మని తనంతట తాను పలకరించింది.

"పంతులమ్మగారండీ, ఈ కాగితం దేన్లోదో మీకేమైనా తెలుస్తుందా?"

పంతులమ్మ పేరు దేవకుమారి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "ఇది 'కలువ' పత్రికేనండి. ఏలూరు నుంచి వస్తుంది. నేను నెలనెలా తెప్పించుకుంటాను. ఈ కథ నా దగ్గర ఉన్నట్టే ఉంది. ఆవిడ లోపలికి వెళ్తుందండి, వెళ్లి..."

"చెప్పకండి," అంది రత్నాంబ గబుక్కున. "నేనే చదువుతాను."

'కలువ'ని పెట్టింది ఏలూరులో భాగ్యలక్ష్మిగారనే ఆవిడ. వాళ్ల మరిదికి కాలవగట్టు మీద అచ్చాఫీసు ఉండేది. పెళ్లి శుభలేఖలు, మిల్లుల రసీదులు అచ్చువేసే ఆ యంత్రం నెలకి నాలుగు రోజులు ఖాళీగా ఉంటోందని విని, ఆ నాలుగు రోజులూ తనకిమ్మని ఆవిడ మరిదిని అడిగి పుచ్చుకుంది. ఆడవాళ్ల కోసం ఉన్న పత్రికలన్నీ ఆడవాళ్లు ఎలా ఉండాలో చెబుతున్నాయి, ఎలా ఉన్నారో చెప్పే పత్రిక ఒకటి కావాలి అన్నది ఆవిడ పట్టు. అట్ట మీద ఒక కలువపువ్వు, లోపల ఒక ఊరగాయ, ఒక లాలిపాట, ఇక మిగతా అంతా కథలే. ఏడాది తిరిగితే గొప్ప అన్నారు అందరూ. అది దెందులూరు, భీమడోలు దాటింది, గోదావరి దాటింది. ఒక ప్రతి పది ఇళ్లు తిరిగేది. ఏ ఇంట్లో చదివారో దాని మీద మరకలు చెప్పేవి. పసుపు వేలిముద్ర, ఆముదం చుక్క, పసిపిల్ల పీకిన అంచు.

దేవకుమారి చేతి 'కలువ' అలాగే రత్నాంబ ఇంటికి వచ్చింది. మొదట రత్నాంబ ఒక్కతే చదువుకునేది. తరవాత పక్కింటివాళ్లు వినేవారు. మరో ఏడాదికల్లా, పత్రిక వచ్చిన వారంలో మధ్యాహ్నం వంటలు కాగానే, ఆ అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేరడం అలవాటైపోయింది. కూడబలుక్కునే రత్నాంబకంటే గలగలా చదివే పంతులమ్మ చదివితేనే బాగుంటుందని అందరూ అన్నారు. సెలవు రోజున దేవకుమారి వచ్చి అరుగు చివర, మెట్టు పక్కన కూర్చుని చదివేది. ఆమెని లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆమె కూడా ఎప్పుడూ గడపవైపు చూడలేదు. రత్నాంబ అత్తగారు మాత్రం అరుగు మీదికి వచ్చేది కాదు. "ఇళ్లల్లో ఏడుపులు చాలక, కాగితాల్లో ఏడుపులు కూడానా," అనేది లోపల్నించి. కానీ చదువు మొదలవగానే లోపల రోటి చప్పుడు ఆగిపోయేది.

శ్రీరంగనాయకులు నెమ్మదస్తుడు. "అరుగు మీద నలుగురు కూర్చుంటే కొట్టుకీ కళే," అని ఊరుకున్నాడు.

కథలు రాసేవాళ్లలో అందరికీ ప్రాణం 'శ్రీమతి సువర్ణ'. కొల్లేటి లంకల్లో పుట్టిపెరిగిన మనిషని కథలే చెప్పేవి. పడవ మీద కాపురానికి వచ్చిన పెళ్లికూతురు, వరద వచ్చి పొయ్యి మునిగితే అటక మీద వంట చేసిన అత్తాకోడళ్లు, చలికాలం వచ్చే కొంగల్ని చూసి పుట్టింటి కబురు తెచ్చాయనుకునే పిల్ల. సువర్ణ రాసిన ఇల్లాలు మనసులో అనుకున్న మాట, ఆ అరుగు మీద ఎవరో ఒకరు ఎప్పుడో అనుకున్న మాటే అయ్యేది. చదువుతూ ఉండగా మధ్యలో ఎవరో ముక్కు చీదేవారు. ఎవరని ఎవరూ చూసేవారు కారు.

1934లో సువర్ణ 'అవతలి లంక' అని సీరియల్ మొదలుపెట్టింది. మాణిక్యమనే పిల్లతల్లి కథ అది. ఒక రోజు మాణిక్యం, చంటిపిల్లని అత్తగారి దగ్గర విడిచి, అవతలి లంకలో చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూడటానికి పడవెక్కుతుంది. తుఫాను పట్టుకుంటుంది. పడవ దారి తప్పి, ఒక పగలూ ఒక రాత్రీ నీటి మీదే ఉండిపోతుంది. ఆ భాగం దేవకుమారి చదువుతుంటే అరుగు మీద గాలి కూడా ఆడలేదు. మాణిక్యం తల్లి గురించి ఏడ్చింది, పిల్ల గురించి ఏడ్చింది, దేవుళ్లందరికీ మొక్కుకుంది.

చదవడం అయ్యాక అందరూ కళ్లు తుడుచుకుంటుంటే రత్నాంబ ఒక్కతే కదలకుండా కూర్చుంది.

"ఏంటండీ, అలా ఉన్నారు?" అంది దేవకుమారి.

"పగలూ రాత్రీ పిల్లకి దూరంగా ఉంది కదండీ. రవిక తడవలేదేం?"

దేవకుమారికి మొదట అర్థం కాలేదు. రత్నాంబ గొంతు తగ్గించింది. "పాలు చేపుకు రావూ? పిల్ల ఏడ్చే వేళకి, పిల్ల ఎంత దూరాన ఉన్నా వస్తాయి. రాళ్లు కట్టినట్టు అయిపోతుంది. దేవుడికి దణ్ణం పెట్టడానికి చెయ్యి కూడా లేవదు. ఆ సంగతి ఒక్క మాటన్నా లేదు. సువర్ణగారికి పిల్లలు లేరేమోనండి. పాపం. మన కడుపుకోతలన్నీ రాసి పెట్టింది, ఆవిడ ఒళ్లో మాత్రం ఎవరూ లేరు."

ఆ రోజు నుంచి రత్నాంబకి సువర్ణ మీద బెంగ పట్టుకుంది. ఒకసారి చూడాలి, చెయ్యి పట్టుకోవాలి. కార్తీకంలో దేవకుమారికి ఏలూరులో మిషను మీటింగు పడింది. తనూ వెంట వెళ్తానని రత్నాంబ భర్తని అడిగింది.

"కథలు రాసే ఆవిడ్ని చూడ్డానికా?" అన్నాడు శ్రీరంగనాయకులు త్రాసు పట్టుకునే. "రాసినవి చదివావు కదే. ఆవిడ్ని చూస్తే ఏమొస్తుంది?"

"ఏమీ రాదండి. చూడాలనిపించింది."

పెళ్లయ్యాక ఆమె నోట 'అనిపించింది' అన్న మాట వినడం ఆయనకి అదే మొదలు. "సరే, అక్కడ మీ పెద్దమ్మ ఇంట్లో భోంచెయ్. చీకటి పడేలోపు బండి ఎక్కెయ్," అన్నాడు.

రత్నాంబ నెయ్యి దండిగా పోసి సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టుకుంది. ప్యాసింజరు గుండుగొలను పక్కగా పోతున్నప్పుడు పుట్టిల్లు గుర్తొచ్చినా, ఆమె మనసు ముందుకే పరిగెత్తింది. ఏలూరులో దేవకుమారి మీటింగు అయ్యాక జట్కా ఎక్కి వెళ్లి, కాలవగట్టు మీద అచ్చాఫీసు వెతుక్కుని ఇద్దరూ లోపలికి వెళ్లారు. సిరా వాసన, యంత్రం రొద. బల్ల దగ్గర ఒక ముసలాయన, దారం కట్టిన కళ్లజోడుతో, ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. పేరు పట్టాభిరామయ్య.

"సువర్ణగారిని చూద్దామని తాడేపల్లిగూడెం నుంచి వచ్చామండీ," అంది దేవకుమారి. "వారి ఇల్లెక్కడో చెబుతారా?"

ఆయన చేతిలో కలం ఆగిపోయింది. లోపలి గదిలోంచి భాగ్యలక్ష్మిగారు వచ్చింది. తెల్లచీర, పొట్టి మనిషి. ఆవిడ పట్టాభిరామయ్య వంక చూసింది. ఆయన తల వంచుకున్నాడు.

"ఇంత దూరం వచ్చిన వాళ్లకి అబద్ధం చెప్పకండి పట్టాభిరామయ్యగారూ," అంది ఆవిడ మెల్లగా.

ఆయన లేచి నిలబడ్డాడు. "సువర్ణ నా భార్యమ్మా. పోయి తొమ్మిదేళ్లయింది, కలరాలో. ఆవిడది కొల్లేటి లంక. అక్షరం ముక్క రాదు గానీ, అన్నం పెడుతూ కథలు చెప్పేది. నేను వింటూ తినేవాణ్ణి. ఆవిడ పోయాక ఇల్లు మూగపోయింది. జ్ఞాపకం ఉన్నవన్నీ రాశాను. ఆవిడ పేరే పెట్టాను."

"అన్నీ ఆవిడ చెప్పినవేనా?" అంది రత్నాంబ.

"రెండేళ్ల కిందటిదాకా. తరవాత అయిపోయాయి. ఈ సీరియల్ నాదే."

రత్నాంబకి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ల ముఖాలు కళ్లముందు తిరిగాయి. తను రాత్రిళ్లు మనసులో అన్నీ చెప్పుకున్న స్నేహితురాలు ఒక మగాడు. పైగా ఆ రవిక సంగతి ఈయనతో ఎలా అంటుంది? డబ్బా రెండు చేతుల్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకి కోపం వచ్చింది. ఆ ముసలాయన ముఖం చూస్తే ఆ కోపం నిలబడటం లేదు. అందుకు మరీ కోపం వచ్చింది.

భాగ్యలక్ష్మిగారు ఆమెని లోపలి గదిలోకి తీసుకెళ్లి చాప వేసింది. అక్కడ రత్నాంబ చెప్పింది, మాణిక్యం రవిక తడవని సంగతి. తరవాత ఆగలేక తన సంగతి కూడా చెప్పింది. పిల్లవాడు పోయిన రోజు, ఇంట్లో అందరూ ఏడుస్తుండగా, తన రొమ్ములకి మాత్రం ఆ కబురు తెలియలేదు. వేళకి పాలు వచ్చాయి. తాగేవాడు లేడు. ఆ పాలు ఎక్కడ పొయ్యాలో ఎవరూ చెప్పలేదు.

"నాకు పిల్లలు కలగలేదమ్మా. ఆ భాగం అచ్చుకి పంపింది నేనే. నాకూ తట్టలేదు," అంది భాగ్యలక్ష్మిగారు. "పత్రిక పెట్టిన రోజు నుంచీ ఆడవాళ్లని రాయమని అడుగుతూనే ఉన్నాను. కథలు పంపరు. ఊరగాయలు పంపుతారు. ఖాళీ పేజీలు ఎవరో ఒకరు నింపాలి కదా. ఇప్పుడు నాతో చెప్పావే, అది రాసి పంపు."

"నాకు సరుకుల చీటీ తప్ప రాయడం రాదండి."

"సరుకుల చీటీ ఎలా రాస్తావో అలాగే రాయి. ఉన్నది రాయి."

రత్నాంబ బయటికి వచ్చేసరికి పట్టాభిరామయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. ఆమె ఆయనతో మాట్లాడలేదు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, సున్నుండల డబ్బా ఆయన బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

తిరుగుబండి దెందులూరు దాటాక రత్నాంబ అడిగింది.

"మీకు కోపం రాలేదా పంతులమ్మగారూ?"

"కోపం కంటే భయమేసిందండి. ఆవిడ చెప్పినవి అయిపోయాయి అన్నారు చూశారా, ఇక ముందు ఎవరు చెబుతారా అని."

రత్నాంబ రాయడానికి నెల పట్టింది. వంటింట్లో, కత్తిపీట పక్కన కూర్చుని రాసేది. వత్తులు తప్పిపోయేవి, గీతలు వంకరపోయేవి. ఒక పేజీ నిండడానికి ఎన్ని కాగితాలు పొయ్యిలోకి పోయాయో. దేవకుమారి తప్పులు దిద్దుతానంటే, "అక్షరాలు దిద్దండి, మాటలు దిద్దకండి," అంది. కింద పేరు ఏం పెట్టాలన్న దగ్గర చెయ్యి ఆగింది. వేరే పేరు పెడితే ఎవరికీ తెలియదు. చాలాసేపు ఆలోచించి, తన పేరే రాసింది. ఊరు పేరు కూడా రాసింది.

అది సంక్రాంతి వెళ్లాక వచ్చిన సంచికలో పడింది. పట్టాభిరామయ్య ప్రూఫు దిద్దుతూ ఒక్క మాట కూడా మార్చలేదట. ఆ రోజు అరుగు మీద ఎప్పటికంటే ఎక్కువమంది ఉన్నారు. దేవకుమారి చదవడం మొదలుపెట్టగానే మిల్లుకి ధాన్యం బళ్లు వరసగా వచ్చాయి. ఎడ్ల గజ్జెలు, బండివాళ్ల అదిలింపులు. ఒక్క ముక్క వినపడటం లేదు.

లోపల్నించి అత్తగారి గొంతు వచ్చింది. "రత్నం!"

ఇంటి గుట్టు వీధిలో పెట్టిందని ఈవిడ ఏమంటుందో అని అప్పటికి వారం నుంచి నిద్ర లేదు రత్నాంబకి.

"ఆ బళ్ల గోలలో నాకేం వినపడి చావటం లేదు. పంతులమ్మని లోపలికొచ్చి చదవమను."

"నన్నేనా అండీ?" అంది దేవకుమారి.

"మరింకెవర్నమ్మా? రా."

దేవకుమారి గడప దాటి లోపలికి వెళ్లింది. ఆడవాళ్లందరూ వెనకాల వెళ్లారు. ముసలావిడ గోడకి ఆనుకుని కూర్చుని, కళ్లు మూసుకుని విన్నది. చదవడం అయిపోయింది. రత్నాంబ గుమ్మం దగ్గరే నిలబడింది.

"మల్లెపూల సంగతి రాయలేదేమే?" అంది అత్తగారు.

"ఏ మల్లెపూలండీ అత్తయ్యగారూ?"

"నీకు తెలివెక్కడుంది అప్పుడు. పాలు వెనక్కి పోవాలంటే రొమ్ములకి మల్లెపూలు కట్టాలి. మన పెరట్లో ఉన్నవి చాల్లేదు. ఎండలో పడి తోట తోటా తిరిగి అడిగి తెచ్చాను. గుడ్డలో వేసి కట్టి, రాత్రంతా నీ పక్కనే కూర్చున్నాను. వాడు నాకు మనవడు కాదూ? అప్పట్నించీ మల్లెపూల వాసన నేను భరించలేను. అందుకే ఆ పాదు పీకించేశాను. నువ్వేమో నేను రాతిదాన్నని అనుకున్నావు."

రత్నాంబ వెళ్లి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుంది. పిల్లవాడు పోయిన ఇన్నేళ్లకి అత్తాకోడళ్లిద్దరూ కలిసి ఏడ్చారు. మిగతావాళ్లు మెల్లగా ఒకళ్ల వెనక ఒకళ్లు లేచి వెళ్లిపోయారు. కొట్లో శ్రీరంగనాయకులు, వచ్చిన బేరగాణ్ణి రేపు రమ్మని చెప్పి, తలుపు దగ్గరగా వేశాడు.

తరవాతి నెల 'కలువ'లో పట్టాభిరామయ్య తన పేరుతోనే ఒక చిన్న మాట రాశాడు. సువర్ణ తన భార్య అనీ, ఆమె లేదనీ, సీరియల్ ఇక ఆపేస్తున్నాననీ. కొందరు మండిపడి పత్రిక మానేశారు. ఈసారి మాత్రం భాగ్యలక్ష్మిగారికి ఊరగాయలకంటే కథలు ఎక్కువ వచ్చాయి. మాణిక్యం ఏమైందో చెప్పమని గోల పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ చివరి భాగాన్ని ముగ్గురు నలుగురు ఆడవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి పంపితే, ఆవిడ అన్నీ వేసింది. ఒకదాంట్లో తల్లీపిల్లా కలుసుకున్నారు. ఒకదాంట్లో లేదు. ఏది నిజమని అరుగు మీద పెద్ద వాదులాటే జరిగింది. రత్నాంబ అత్తగారు కలుసుకున్నారన్న వైపు గట్టిగా నిలబడింది.

రత్నాంబ గొప్ప రచయిత్రి ఏమీ కాలేదు. ఏడాదికి ఒకటో రెండో రాసేది. మళ్లీ పిల్లలు కలగలేదు. ఆ సంగతి కూడా ఒకసారి రాసింది. యుద్ధం వచ్చిన ఏడు కాగితానికి కరువొచ్చి 'కలువ' పలచబడింది, అట్ట మీద పువ్వు రంగు పోయింది. అయినా ఆగలేదు.

ఆ ఏడే కోతలకి కొల్లేటి వైపు నుంచి కూలికి వచ్చిన యేసమ్మ అనే ఆమె ఉప్పు కొనుక్కుని, అరుగు పక్కన తచ్చాడింది.

"మీరు కాగితంలో సంగతులేస్తారంట కదండీ. మాదొకటుందండి. నాకు రాత రాదు. మీరు రాస్తారాండి?"

"లోపలికి రా," అంది రత్నాంబ. "నువ్వు చెబుతూ ఉండు, నేను రాస్తాను. నువ్వు చెప్పింది చెప్పినట్టే రాస్తాను. కింద నా పేరు ఉండదు. నీ పేరే ఉంటుంది."

యేసమ్మ నమ్మలేనట్టు చూసింది. "నా పేరేనాండి? ఇంటిపేరుతో సహా?"

"ఇంటిపేరుతో సహా."

యేసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని చాప మీద కూర్చుంది. ముందు ఇంటిపేరు చెప్పి, రాసిందో లేదో చూపించమని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టింది.